ఫైటర్ దిగి ఎయిర్‌బస్ ఎక్కాలంటే

2009 జనవరి. న్యూయార్క్ మీద ఎగురుతున్న విమానానికి పక్షులు తగిలి రెండు ఇంజన్లూ పనిచేయలేదు. కెప్టెన్ సల్లెన్‌బర్గర్ దాన్ని హడ్సన్ నది మీద దించారు. అందులోని 155 మందీ బతికారు. ఆయన ఒకప్పుడు అమెరికా వాయుసేనలో ఫాంటమ్ ఫైటర్లు నడిపిన మనిషి. 1980లో ఎయిర్‌లైన్‌కి మారారు.

మరి మన దగ్గర? హైదరాబాద్ శివారు దుండిగల్‌లో శిక్షణ పొందిన వాయుసేన పైలట్, యూనిఫాం విప్పగానే ప్రయాణికుల విమానం ఎక్కేయవచ్చా?

కుదరదండీ. ఎగిరిన గంటలు లెక్కలోకి వస్తాయి. లైసెన్సు మాత్రం వేరే. అది పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇవ్వాలి. నావిగేషన్, వాతావరణం, విమానయాన నిబంధనలు, వీటన్నిటికీ పరీక్షలుంటాయి. 20 ఏళ్లు ఆకాశంలో తిరిగినవారైనా మళ్లీ పుస్తకాలు పట్టాల్సిందే! వైద్య పరీక్షా ఉంటుంది. ఆపైన, నడపబోయే విమానం మీద సిమ్యులేటర్‌లో శిక్షణ.

అసలు మార్పు కాక్‌పిట్‌లో ఉంది. ఒంటి సీటు ఫైటర్‌లో నిర్ణయం ఒక్కరిదే. ప్రయాణికుల విమానంలో ఇద్దరు. ఒకరు నడుపుతుంటే రెండోవారు కనిపెట్టి చూస్తుంటారు. తప్పు కనిపిస్తే హోదా చూడకుండా చెప్పాలి. వాయుసేనలో రవాణా విమానాలు నడిపినవారికి ఇది అలవాటే. ఫైటర్ పైలట్లకే కొత్త.

ఇంకో చిన్న చేదు. మొదటి ఉద్యోగం సాధారణంగా కుడి సీటులో, ఫస్ట్ ఆఫీసర్‌గా. మాజీ వింగ్ కమాండర్‌ పక్కన, ఎడమ సీటులో, వయసులో చిన్నవాడైన కెప్టెన్ కూర్చోవచ్చు.

మీ ఇంట్లో వాయుసేన పైలట్ ఎవరైనా ఉంటే ఒక్క మాట చెప్పండి. లైసెన్సు పరీక్షల చదువు రిటైరయ్యాక కాదు, ముందే మొదలుపెట్టమనండి.