గడప నుండి గడపకు



“హైదరాబాదు నుండి బెంగుళూరు ఎంత దూరము నాయనా?” అని పల్లెలోని తల్లి యడుగును. హైటెక్ సిటీలో కొలువు చేయు కుమారుడు “గంటయే నమ్మా” యని బదులు చెప్పును. ఆ మాట అసత్యము కాదు. కాని అది పద్దులో ఒక్క వరుస మాత్రమే, మొత్తము కాదు.

మన పూర్వులు దూరమును క్రోసులతోను, ఆమడలతోను కొలిచిరి. ఏనుగుల వీరాస్వామిగారు 1830 మే 18వ తేదీన చెన్నపట్టణము విడిచి, హైదరాబాదు మీదుగా కాశికేగి, 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరిరి. తమ కాశీయాత్ర చరిత్రయందు వారు దూరములు మాత్రమే వ్రాసి యూరకుండలేదు. బాట తీరును, మజిలీల వసతులను గూడ వ్రాసిరి. మేఘసందేశమున యక్షుడును మేఘునకు ఆమడల లెక్క చెప్పడు. కొండలను, నదులను, పురములను వరుసగా చెప్పి, దారి వంకరయైనను ఉజ్జయినిని చూచి పొమ్మనును. ఆకాశమున పోవువానికి సైతము ప్రయాణమనగా మజిలీల వరుసయే.

ఇక నేటి పద్దు చూతము. 1998 నవంబరు 22న సైబర్ టవర్స్ ప్రారంభమైన నాడు విమానాశ్రయము బేగంపేటలో, నగర మధ్యముననే యుండెను. బెంగుళూరి విమానాశ్రయమును నాడు ఊరిలోనిదే. 2008లో ఆ రెండును తరలినవి: మార్చిలో ఇచ్చటిది శంషాబాదునకు, మేలో అచ్చటిది దేవనహళ్లికి. పెరుగుచున్న ప్రయాణికులకు పాత చోటులు చాలకపోవుటయే కారణము. ఆకాశ దూరము అంతగా మారలేదు. నేటికిని సుమారు 450 కిలోమీటర్లే. పెరిగినది నేలమీది దూరము.

హైటెక్ సిటీ నుండి శంషాబాదునకు బాహ్యవలయ రహదారిపై 30 కిలోమీటర్లకు మించును, గంట వేయుడు. విమానమునకు ముందు తనిఖీలకు 2 గంటలు. ఆకాశమున గంటంబావు. సామాను చేతికందుటకు అరగంట. దేవనహళ్లి నుండి ఊరి దక్షిణపు కొసనున్న ఎలక్ట్రానిక్స్ సిటీకి 50 కిలోమీటర్లకు పైగా. రద్దీలో 2 గంటలు. మొత్తము ఆరుముప్పావు గంటలు! అందు గాలిలో గడచినది అయిదవ వంతు లోపే.

రాత్రి పదింటికి, బెంగుళూరున నున్న తండ్రికి జబ్బు చేసినదని వార్త వచ్చెననుకొందము. తెల్లవారి ఆరింటి విమానమునకు కాచుకొన్నవాడు ఎలక్ట్రానిక్స్ సిటీలోని తండ్రి మంచము చేరునప్పటికి తొమ్మిదిముప్పావు. పదకొండింటికి బస్సెక్కినవాడు, 570 కిలోమీటర్ల బాటను పది గంటలలో గడచి, ఇంచుమించు అదే వేళకు ఊరు చేరును. పగటి వార్తయైనచో విమానమే మేలు. 2023 సెప్టెంబరు 24న మొదలైన కాచిగూడ–యశ్వంతపురము వందేభారత్ రైలు మొదట ఎనిమిదిన్నర గంటలు తీసికొనెను. దానికిని రెండు కొసల దారి కలుపవలసినదే. వాహనము మంచిదా చెడ్డదా యని కాదు, బయలుదేరు వేళనుబట్టి లెక్క మారును.

కావున టిక్కెట్టుపై అచ్చైన గంటను నమ్మి, ఉదయము పదింటి కొలువు పరీక్షకు అదే ఉదయము బయలుదేరరాదు. మన గ్రంథాలయపు గోడపై ఒక దేశపటమును, రైళ్ల, బస్సుల, విమానముల వేళల పట్టికను ఉంచి, ఎప్పటికప్పుడు దిద్దుచుండిన, అది ఈ రజతోత్సవమునకు తగిన కానుక యగును. పట్టికకు పైన ఒక్క మాట వ్రాసిన చాలును: గడప నుండి గడపకు లెక్కింపుడు.