దంతముల పింగాణీ పలకలు: వాని యాయువు, వాని సంరక్షణము



విద్య, వివాహము, వ్యవసాయము మొదలగు పెద్ద విషయములు చర్చింపబడు నీ బషీరాబాదు సభయందు దంతములను గూర్చి ప్రసంగింపుడని కార్యనిర్వాహకులు మమ్ము కోరినపుడు కొందరు మిత్రులు నవ్విరి. ఆ నవ్వే మా విషయము. మన యువతీ యువకులలో ననేకులు వివాహమునకు ముందు పట్టణమునకు బోయి ముందరి పండ్లకు వెనీర్లు వేయించుకొనుచున్నారు. అవి యెన్నాళ్లు నిలుచును? ఎట్లు కాపాడుకొనవలెను? అని యడుగువారు మాత్రము అరుదు.

మేమును అడుగలేదు. మా యింటి బిడ్డకు ముందరి నాలుగు పండ్లపై గోధుమవన్నె మచ్చలుండెను. సంబంధము తప్పిపోవునను భయముతో నాలుగు పలకలు వేయించితిమి. అవి జీవితకాలము నిలుచునని మాకు చెప్పిరి, మేము నమ్మితిమి. ఆరవ యేట సంక్రాంతికి సకినము కొరుకగా ఒక పలక అంచు విరిగెను. నాటినుండి ఆ బిడ్డ అత్తవారింట నోటికి చేయి అడ్డము పెట్టుకొని మాటలాడసాగెను. ఆమె యజాగ్రత్తయే కారణమని మేము మందలించితిమి. తరువాత వేరొక వైద్యుడు పరీక్షించి, ఆమె నిద్రలో పండ్లు నూరుచున్నదనియు, పలక అందువలన ముందే బలహీనపడి యుండుననియు తెలిపెను. ఆ యలవాటు కలదా యని మొదట ఎవరును అడుగలేదు. తప్పు ఆమెది కాదు.

వెనీరనగా నేమి? మన తాండూరు నాపరాతి బండలను ఎరుగనివారు ఈ సభలో లేరు. గోడకు పలుచని బండను తాపినట్లు పంటి ముందువైపున పలుచని పింగాణీ పలకను అంటింతురు. 1928 ప్రాంతమున కాలిఫోర్నియాలో చార్లెస్ పిన్కస్ అను దంతవైద్యుడు చలనచిత్ర నటులకు ఇట్టి పలకలను తాత్కాలికముగా అమర్చెను. చిత్రీకరణము ముగియగనే తీసివేయవలసి వచ్చెడిది. 1955లో బ్యూనకోర్ అను శాస్త్రజ్ఞుడు ఎనామిల్‌ను ఆమ్లముతో గరుకు చేసినచో రెజిను గట్టిగా అంటునని చూపెను. 1983లో సైమన్సన్, కలామియా అనువారు పింగాణీ లోపలివైపును సైతము ఆమ్లముతో గరుకు చేసి అంటించు విధానమును ప్రకటించిరి. నేటి పలకల మన్నికకు ఇవియే మూలములు.

బండ క్రింద సున్నము నిండుగా లేనియెడల బండ మ్రోగును, పిదప లేచును. పలకకు ఎనామిలే మంచి పునాది. ఎనామిల్ మిక్కిలిగా అరగదీయబడి లోపలి డెంటిన్‌పై అంటించినచో పట్టు తగ్గును. సాధారణముగా 0.3 మొదలు 0.7 మిల్లీమీటరు వరకు గీయుదురు. గీచిన ఎనామిల్ మరల పెరుగదు.

ఇక ఆయువు. మంచి పింగాణీ పలకలు పది మొదలు పదునైదు సంవత్సరములు నిలుచుట సామాన్యము. ఇరువది యేండ్లు దాటినవియు గలవు. కాంపోజిట్ రెజినుతో చేసినవి అయిదు మొదలు ఏడు సంవత్సరములు. వీని వెల తక్కువ, మరమ్మతు సులభము. కాని టీ, పసుపు, పొగాకు మరకలు త్వరగా పట్టును. ఇరువది రెండవ యేట పలకలు వేయించుకొన్న బిడ్డ అరువది యేండ్లలోపల రెండు మూడు మారులు మార్పించుకొనవలసి రావచ్చును. పెండ్లి లెక్కలలో ఆ వ్యయమును వ్రాయువారు లేరు.

సంరక్షణ విధులు కష్టమైనవి కావు. ఉదయము, రాత్రి మెత్తని బ్రష్షుతో, ఫ్లోరైడు గల నున్నని పేస్టుతో తోముకొనవలెను. బొగ్గుపొడి, ఇటుకపొడి, ఉప్పు కూడవు. పండ్ల సందులను దారముతో శుభ్రపరచవలెను. ఏలయన పలకకు పుచ్చు రాకున్నను దాని అంచున నున్న పంటికి వచ్చును. సకినములు, చెరకు, వక్కలు ముందరి పండ్లతో కొరుకరాదు. ముక్కలు చేసికొని దవడపండ్లతో నమలవలెను. దారము తెంపుట, సీసా మూత తీయుట పంటి పనులు కావు. గుట్కా, పొగాకు అంచులను నల్లపరచును, చిగుళ్లను చెరచును. నిద్రలో పండ్లు నూరువారు రాత్రులందు రక్షణ తొడుగు ధరింపవలెను. ఆరు నెలలకొకసారి వైద్యునికి చూపి, ఫ్లోరైడు పూత వేయునపుడు పలకలున్నవని చెప్పవలెను. ఆమ్లము గల ఫ్లోరైడు పింగాణీ నునుపును పోగొట్టును. పలక ఊడినచో దానిని భద్రపరచి వైద్యుని యొద్దకు బోవలెనే గాని ఇంటి జిగురుతో అంటింపరాదు.

మచ్చలన్నింటికి పలకలే మందు కాదు. 1937లో నెల్లూరు మండలమున గుర్తింపబడి, పిదప నల్లగొండ జిల్లాను మిక్కిలి బాధించిన ఫ్లోరోసిస్ వ్యాధి, పండ్లు ఏర్పడు బాల్యమున త్రాగిన నీటిలోని అధిక ఫ్లోరైడు ఫలము. అట్టి మచ్చలు తేలికవైనచో పైపొరను మిక్కిలి స్వల్పముగా రుద్దుట చేతను, తెల్లపరచుట చేతను తగ్గును. మొదట వానిని గూర్చి విచారింపవలెను. చికిత్సకు ముందు చిగుళ్ల జబ్బును, పుచ్చును బాగుచేయించుకొనవలెను. చట్టము ననుసరించి నమోదైన దంతవైద్యుని యొద్దకే పోవలెను. ఏ పదార్థము, ఎన్ని పండ్లకు, ఎన్నడు వేసిరో వ్రాతపూర్వకముగా పుచ్చుకొనవలెను.

కడపట రెండు విన్నపములు. పోషక మహాశయులు విద్యార్థి వేతనములతో పాటు మన బాలబాలికల దంతపరీక్షకును ఏటేట కొంత ద్రవ్యము కేటాయింపవలెనని మొదటిది. సంబంధములు చూచునపుడు పంటి మచ్చను గుణదోషముగా నెంచవలదని రెండవది. బాల్యమున త్రాగిన నీరు వేసిన మచ్చకు బిడ్డ బాధ్యురాలు కాదు. తన యిష్టముచే పలకలు వేయించుకొనువారు తెలిసి వేయించుకొందురు గాక! మన భయముచే మాత్రము ఎవరి పండ్లను గీయింపకుందము. మా యింటి బిడ్డకు మేమీ మాట ఆలస్యముగా చెప్పితిమి. మీరు మీ బిడ్డలకు ముందుగనే చెప్పుదురని నమ్మి విరమించుచున్నాము.