క్లిక్ పడలేదు – తప్పు ఎవరిది?

(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



2016 అక్టోబరు 11న మనం రెండు జిల్లాల వారమయ్యాము గాని, అంతకు ముందు అందరం కరీంనగర్ జిల్లా వాళ్ళమే. కనుక ఇంట్లో మాట్లాడుకున్నట్టుగానే ఒక సంగతి మనవి చేస్తాను.

నేను కోరుట్లలో ఉంటాను. మా అమ్మాయిని సిరిసిల్లలో ఇచ్చాము. అల్లుడిది మరమగ్గాల పని. ఇంజనీరింగు చదువుతున్న మనుమడు చీరె అంచుల డిజైన్లు గీయడానికి కంప్యూటరులో ఒక ప్రోగ్రాము తయారు చేశాడు. తెర మీద గ్రాఫు కాగితంలా గళ్ళు కనబడతాయి. నిలువు వరుసలు పడుగు, అడ్డు వరుసలు పేక. ఒక గడిలో మౌస్‌తో క్లిక్ చేస్తే అది నిండుతుంది. అక్కడ పడుగు పోగు పైకి లేవాలని దాని అర్థం. వేసవిలో వెళ్ళినప్పుడు గళ్ళు నింపే పని నాకు అప్పగించారు. జగిత్యాలలో నౌకరీ చేసినన్నాళ్ళూ రిజిస్టర్లు నింపిన వాడిని కదా, సంతోషంగా ఒప్పుకున్నాను.

కాని క్లిక్ చేసిన గళ్ళలో కొన్ని ఖాళీగా మిగిలిపోయేవి. డిజైనులో ఒక్క గడి తప్పితే ఆ లోపం ఒక్కచోట ఆగదు. డిజైను తిరిగి వచ్చిన ప్రతిసారీ బట్టలో అదే తప్పు పడుతుంది. "తాతా, నీ చెయ్యి వణుకుతున్నది. నువ్వు కూసో, నేను చేస్త" అన్నాడు మనుమడు. ప్రేమతోనే అన్నాడు. నా మనసు మాత్రం చివుక్కుమన్నది.

మరునాడు నోటుబుక్కులో మూడు కాలమ్‌లు గీశాను: చేసిన క్లిక్‌లు, నిండిన గళ్ళు, లోటు. 160 నిలువు, 200 అడ్డు వరుసల పెద్ద డిజైనులో 50 క్లిక్‌లు చేస్తే నాకు 9 తప్పాయి. మనుమడిని కూడా 50 చేయమన్నాను. వాడికి 17 తప్పాయి! ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. మౌస్ మార్చినా దాదాపు అదే వరుస. తరువాత 16 వరుసలకు 16 వరుసల చిన్న డిజైను తీసుకున్నాము. వాడికి ఒక్కటీ తప్పలేదు, నాకు 2 తప్పాయి.

ఆ లెక్క చూసి వాడే కారణం పట్టుకున్నాడు. ప్రోగ్రాము మొత్తం 32,000 గళ్ళనూ మళ్ళీ మళ్ళీ గీస్తున్నది. ఒక్కసారి గీయడానికి అర సెకను దాకా పడుతున్నది. గీయడం ముగిసినప్పుడు మాత్రమే, బటన్ నొక్కి ఉన్నదా లేదా అని ఒకసారి చూస్తున్నది. క్లిక్ అంటే సెకనులో ఇంచుమించు పదో వంతు. నొక్కడం, వదలడం రెండూ అది గీస్తున్నంతలోనే అయిపోతే దానికి తెలియనే తెలియదు. గళ్ళు తక్కువైతే చప్పున గీసి చూస్తుంది కనుక ఏదీ తప్పదు.

మన ఆఫీసు భాషలో చెబుతాను. గుమాస్తా తల వంచుకొని లెడ్జరు రాస్తూ, పేజీ నిండినప్పుడే తల ఎత్తుతాడనుకోండి. ఆలోగా వచ్చి పోయినవాడు రానట్టే లెక్క. నిలబడి ఉన్నవాడి పని మాత్రం అవుతుంది. నా వేలు నిదానంగా నొక్కేది, కాబట్టి నిలిచింది. వాడి వేలు వడిగలది, కాబట్టి ఎక్కువ తప్పాయి.

దీనికి మందు తపాలు పెట్టె. మౌస్ నొక్కిన ప్రతిసారీ విండోస్ ఆ సమాచారాన్ని వరుసలో చేర్చి ఉంచుతుంది. ప్రోగ్రాము ఆ వరుసలోంచి ఒక్కొక్కటే తీసి చదివితే క్లిక్ పోదు. మారిన గడిని మాత్రమే గీస్తే ఆలస్యమూ తగ్గుతుంది. ఈ రెండు మార్పులు చేశాక వాడి లోటు సున్నా. నాకు మళ్ళీ 2.

ఆ రెండూ నావే, ఒప్పుకోవాలి. నొక్కి వదిలేలోగా మౌస్ జరిగి, నొక్కింది ఒక గడిలో, వదిలింది పక్క గడిలో అవుతున్నది. నొక్కిన గడినే లెక్కలోకి తీసుకునేటట్టు వాడు సవరించాడు. అదీ తీరింది. చెయ్యి వణకడం అబద్ధం కాదు. కాని 9 తప్పులనూ వయసు ఖాతాలో రాయడం న్యాయం కాదు.

మిత్రులారా, 2014 నవంబరులో కేంద్ర ప్రభుత్వం జీవన్ ప్రమాణ్ ప్రవేశపెట్టినప్పటి నుండి, బతికి ఉన్నామని చెప్పుకోవడానికి కూడా పెన్షనర్లకు కంప్యూటరు అక్కరకు వస్తున్నది. క్లిక్ పడకపోతే "నాతో కాదు" అని లేచిపోకండి. వేరే మౌస్‌తో, వేరే ప్రోగ్రాములో చేసి చూడండి. పక్కవారిని చేయమనండి. లెక్క రాయండి. డబుల్ క్లిక్ కుదరనివారికి ఒక మాట: రెండు క్లిక్‌ల మధ్య విండోస్ మామూలుగా ఇచ్చే గడువు 500 మిల్లీసెకన్లు, అంటే అర సెకను. మౌస్ సెట్టింగులలో దాన్ని పెంచుకోవచ్చు.

నేను సిరిసిల్ల నుండి బయలుదేరే నాడు మనుమడు, "తాతా, ఆ నోటుబుక్కు నాకియ్యి" అని అడిగి తీసుకున్నాడు. ఇప్పుడు వాడే కాలమ్‌లు గీసుకుంటున్నాడు.