కప్పల తక్కెడ



మృగశిర కార్తెలో నాలుగు వానలు పడితే చాలు, మన బీదర్ ఎర్రనేలల్లో గుంటలన్నీ నిండుతాయి. ఆ రాత్రే కప్పల కచేరీ మొదలు. మర్నాడు బడికొచ్చే పిల్లల్లో ఒకరిద్దరి చేతుల్లో, మూతకు చిల్లులు పొడిచిన సీసాలు కనిపిస్తాయి. తెలుగు పిల్లవాడు కప్ప అంటాడు, కన్నడ పిల్లవాడు కప్పె అంటాడు. ఇద్దరూ అడిగేది మాత్రం ఒకటే: "సార్, వీటన్నిటినీ ఒకే గాజుతొట్టిలో పెంచుదామా?"

కుదరని పనిని మనం కప్పల తక్కెడ అంటాం. ఒకటి ఎక్కిస్తే ఇంకొకటి దూకిపోతుంది. గాజుతొట్టిలో ఆ దూకిపోయే దారి కూడా ఉండదు. చిక్కంతా అక్కడే.

చెరువులో అన్ని రకాలూ కలిసే ఉన్నాయి కదా అని మీరు అడగవచ్చు. నిజమే. కానీ అక్కడ ఎవరి చోటు వారిది. నీటి మీద తేలే చిన్న కప్పకు ఎప్పుడూ నీరు కావాలి. ఒంటినిండా పొక్కులుండే గోదురుకప్పకు పొడినేల, రాతిసందు కావాలి. వేళ్ల చివర గుండ్రని మెత్తలున్న చెట్టుకప్పకు ఎక్కడానికి కొమ్మ, గోడ కావాలి. రెండడుగుల తొట్టిలో ఈ మూడూ అమర్చడం ఎవరివల్ల అవుతుంది?

రెండో చిక్కు ఆకలి. కప్ప తన నోట పట్టే ప్రాణి ఏది కదిలినా మింగుతుంది. బోదురుకప్ప 16 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. రెండు మూడు సెంటీమీటర్ల కప్పలు దానికి ఒక్క ముద్ద. దాని తోకకప్పలు కూడా తక్కువవి కావు. బయటినుంచి అండమాన్ దీవులకు చేరిన బోదురుకప్పల మీద 2019లో ఒక పరిశోధన వెలువడింది. వాటి తోకకప్పలతో కలిపి ఉంచిన స్థానిక జాతుల తోకకప్పల్లో ఒక్కటీ బతకలేదు.

మూడోది కంటికి కనిపించదు. కప్ప నోటితో నీళ్లు తాగదు, చర్మంతో పీల్చుకుంటుంది. గోదురుకప్ప బెదిరితే కళ్ల వెనకున్న గ్రంథులనుంచి పాలవంటి విషం వస్తుంది. అది చిన్న తొట్టి నీళ్లలో కలిస్తే పక్కవాటికి ముప్పు. పైగా కైట్రిడ్ అనే బూజు జబ్బు ఉంది. శాస్త్రజ్ఞులు దాన్ని 1998లో గుర్తించారు. ఒక చోటి కప్పను ఇంకో చోట వదిలితే, ఆ బూజునూ మోసుకుపోయినట్టే.

చట్టం మాట కూడా వినాలి. తొడల మాంసంకోసం బోదురుకప్పలను లెక్కలేకుండా పట్టేవారు. 1987లో ప్రభుత్వం ఆ ఎగుమతిని ఆపింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం బోదురుకప్పను పట్టడం నేరం.

కాబట్టి తల్లిదండ్రులకు, తోటి ఉపాధ్యాయులకు నా మనవి. పిల్లవాడు కప్పను తెస్తే కసరకండి. తడిచేత్తో పట్టుకోమనండి. రెండు రకాలను ఒకే సీసాలో ఉంచనీయకండి. కాసేపు చూశాక, తెచ్చిన గుంట దగ్గరే వదిలి చేతులు కడుక్కోమనండి. రాత్రి టార్చి పట్టుకుని మీరే పిల్లలను గట్టుమీదికి తీసుకెళ్లండి. ఎన్ని రకాల గొంతులు వినిపిస్తాయో లెక్కపెట్టించండి. తొట్టిలో దొరకని పాఠం అక్కడ దొరుకుతుంది.