దిగులు వేరు, దిగులుజబ్బు వేరు
(ప్లాటినం ఉత్సవాల తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



మనోవ్యథను చెప్పే మాటలకు తెలుగులో కొదవ లేదు. ఊరు విడిచిన బిడ్డకు బెంగ, పరీక్ష తప్పినవానికి దిగులు, ఆప్తులను పోగొట్టుకొన్నవారికి శోకం. ఇవి సహజములు, కాలం గడిచేకొద్దీ, నలుగురి ఆదరణతో ఉపశమిస్తాయి. వైద్యులు డిప్రెషన్ అనేది వీటికి భిన్నమైనది. మనసు కుంగిపోవడం గాని, ఇష్టమైన పనులపై ఆసక్తి నశించడం గాని కనీసం రెండు వారాలు విడవకుండా ఉండి, నిద్ర, ఆకలి, ఏకాగ్రత చెడి, తాను ఎందుకూ కొరగాననే భావం పట్టుకొంటే దానిని వ్యాధిగానే ఎంచాలి.

ఈ వ్యాధి తరచు మారువేషంలో వస్తుంది. గృహిణి ఒళ్లునొప్పులని, తలదిమ్మని చెబుతుంది. బాలుడు విచారంగా కనబడడు. చీటికిమాటికి కసురుకొంటాడు, చదువులో వెనుకబడతాడు. ఇంట్లో దానికి పొగరని, బడిలో సోమరితనమని పేరు. జబ్బు చేసినందుకు బిడ్డ దండన అనుభవిస్తాడు.

బెంగళూరులోని నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాలలో జరిపిన సర్వేలో, వయోజనులలో ప్రతి 20 మందికి ఒకరు ఎప్పుడో ఒకప్పుడు దీని బారిన పడినవారేనని తేలింది. వ్యాధిగ్రస్తులలో సుమారు 85 శాతం మందికి చికిత్స అందడం లేదనీ వెల్లడైంది. పిచ్చి అనే ముద్రకు జంకి దాచుకొనేవారు అనేకులు. వంశపారంపర్యం, మెదడులోని మార్పులు, జీవితపు దెబ్బలు కలిసి తెచ్చే ఈ జబ్బు మనోబలం లేకపోవడం కాదు. మాటలతో చేసే చికిత్స, మందులు రెండూ ఫలిస్తాయి. మందు గుణం కనబడడానికి కొన్ని వారాలు పడుతుంది. వైద్యుని అడగక మానరాదు.

పొరుగు రాష్ట్రంలో స్థిరపడిన తెలుగువారికి మరొక చిక్కు ఉన్నది. అంగడిలో స్థానిక భాషతో పని జరుగుతుంది. గుండెబరువు మాత్రం తల్లిభాషలోనే బయటపడుతుంది. "బతకాలని లేదు" అన్న తాతగారి మాటను దుబాసీగా వెళ్లిన మనవడు "నిద్ర పట్టడం లేదట" అని కుదించి చెబితే, వైద్యునికి అసలు వ్యాధి అందదు. 2022 అక్టోబరులో ఆరంభమైన టెలి-మానస్ సేవలో 14416 నంబరుకు రాత్రింబవళ్లు ఉచితంగా, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

చావు మాట ఎవరి నోట వచ్చినా తేలికగా తీసుకోరాదు. వారిని ఒంటరిగా విడువరాదు. ఆ సంగతి సూటిగా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగేవారు దొరికితే మనసు తెరుచుకొంటుంది. చివరి బల్ల మీద మౌనంగా కూర్చున్న పిల్లవానిని మార్కుల సంగతి అడగడానికి ముందు, "ఏమైంది నాయనా?" అని ఒక్క ఉపాధ్యాయుడు అడిగితే, ఆ బడి తన 75 సంవత్సరాల పేరు నిలుపుకొన్నట్లే.