మూలికలకూ పరీక్ష కావాలి
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వైద్యుణ్ణి కాను, ఫైళ్లు మోసిన గుమాస్తాను. అయినా ఈ విషయం మీద మాట్లాడతానని నేనే పేరిచ్చాను. మనలో చాలామందిమి బీపీ బిళ్లతోపాటు ఏదో ఒక చూర్ణమో కషాయమో పుచ్చుకుంటున్నవాళ్లమే. త్రిఫల చూర్ణం లేనిదే నాకూ రోజు గడవదు. కాబట్టి ఆయుర్వేదం మీద కోపంతో మాట్లాడుతున్నానని అనుకోవద్దు.

"ఆకులూ వేళ్లే కదా, మంచి చేయకపోతే మానె, చెడు మాత్రం చేయవు" అంటుంటాం. 1990 ప్రాంతంలో బెల్జియం దేశంలో, బ్రస్సెల్స్ నగరంలో, ఒళ్లు తగ్గించే వైద్యశాల ఒకటి ఆడవాళ్లకు చైనా మూలికల గొట్టం మాత్రలు ఇచ్చింది. కొంతకాలానికి మూత్రపిండాలు చెడిపోయినవాళ్లు వరసగా ఆసుపత్రులకు రాసాగారు. 1993లో అక్కడి వైద్యులు ఆ సంగతి 'లాన్సెట్' పత్రికలో రాశారు. ఆరా తీస్తే, స్టెఫానియా అనే మూలిక పడవలసిన చోట అరిస్టొలోకియా జాతి మూలిక పడిందని తేలింది. చైనా భాషలో రెండింటి పేర్లూ దగ్గరగా ఉంటాయి మరి. మొత్తం మీద వందమందికి పైగా దెబ్బతిన్నారు. ఏళ్ల తరవాత కొందరికి మూత్రనాళాల్లో కేన్సర్ కూడా కనబడింది.

ఎక్కడి బెల్జియం, ఎక్కడి మనం అంటారా? మన ఈశ్వరి వేరుదీ ఆ జాతే. అరిస్టొలోకియా ఇండికా అంటారు. దానిలోనూ ఆ విషపు ఆమ్లమే ఉంది. మా అమ్మమ్మ పాముల భయానికి పెరట్లో ఈశ్వరి తీగ పాకించింది. కడుపునొప్పి అంటే ఆ వేరే అరగదీసి పట్టేది. మాకెవరికీ ఏమీ కాలేదు. కాలేదనే అనుకున్నాం.

చిక్కంతా ఇక్కడే ఉంది. ముష్టి గింజ తింటే గంటలోపే సంగతి తెలుస్తుంది. అందుకే ముష్టిని, నాభిని శుద్ధి చేయనిదే వాడకూడదని మన పెద్దలు కట్టడి చేశారు. కాని ఏళ్ల తరవాత చెడే మూత్రపిండాన్ని, ఎప్పుడో అరగదీసి పట్టిన వేరుతో ముడిపెట్టి చూసేదెవరు? అది అనుభవానికి అందని విషం.

పరీక్షలో ఎలుకలకు ముందు ఒక్కసారి పెద్ద మోతాదు ఇచ్చి చూస్తారు. దానితో సరిపోదు. రోజూ 28 రోజులో, 90 రోజులో మందు పెట్టి, రక్తం పరీక్షించి, చివరకు కాలేయాన్ని, మూత్రపిండాలను సూక్ష్మదర్శినిలో చూస్తారు. జన్యువులను చెరుపుతుందేమో చూసే పరీక్ష వేరే ఉంది.

మన దేశంలో 2010 నాటి నిబంధన ప్రకారం, గ్రంథాల్లో ఉన్న యోగాన్ని ఉన్నట్టే, అదే జబ్బుకు తయారుచేస్తే, లైసెన్సుకు ఈ భద్రతా పరీక్ష అడగరు. 'పాత ఫైల్లో ఇలాగే ఉన్నది' అని మనం నోటు రాసి పైకి పంపేవాళ్లం చూడండి, ఇదీ అలాంటిదే. అలాంటి నోట్లు బోలెడు రాసినవాణ్ణి కనుక వాటి బలమెంతో నాకు తెలుసు.

మొన్న డాక్టరుగారు "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగితే, అలవాటుకొద్దీ "ఏమీ లేవండీ" అన్నాను. మా ఆవిడ ఊరుకోలేదు. సంచిలోంచి చూర్ణం డబ్బా, మోకాళ్ల నొప్పుల పొట్లాలు తీసి బల్లమీద పెట్టింది. పొట్లాల మీద తయారీదారు పేరు లేదు, లైసెన్సు నంబరు లేదు, తేదీ లేదు. ఆయన వాటిని ఆపించి, క్రియాటినిన్ పరీక్షకు రాశారు. రిపోర్టు ఇంకా రాలేదు. నాకిచ్చిన పది నిమిషాలూ అయిపోయాయి. సెలవు.