చుక్కల మందు, తల్లి పాలు, ఊరి ట్యాంకు

(మండల రైతు, కూలీల సభలో చేసిన ప్రసంగ పాఠం)



యూరియా గురించి, మిర్చి ధర గురించి మాట్లాడాల్సిన చోట పసిపిల్లల టీకా ఏమిటని కొందరికి అనిపించవచ్చు. సరే, కోళ్ల నుంచే మొదలుపెడతాం. కొక్కెర తెగులుకు లసోటా మందు నీళ్లలో కలిపే ముందు వెన్న తీసిన పాలపొడి వేస్తాం కదా. నీళ్లలోని క్లోరిన్ మందును చంపకుండా పాలపొడి కాపాడుతుంది. ఆ టీకాలో ఉన్నది బతికున్న వైరస్. ప్రాణంతో లోపలికి పోతేనే పనిచేస్తుంది.

పిల్లల నోట్లో వేసే రోటావైరస్ చుక్కలదీ ఇదే సంగతి. నీళ్ల విరేచనాలు రాకుండా ఆరో, పదో, పద్నాలుగో వారాల్లో వేస్తారు. 2016లో దేశంలో మొదట అమలు చేసిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. రోటావ్యాక్ తయారయ్యేది మన హైదరాబాద్‌లోనే. ఢిల్లీ, పుణె, వేలూరులలో 6,799 మంది పిల్లలతో పరీక్ష చేస్తే, మొదటి ఏడాదిలో తీవ్రమైన రోటా విరేచనాలను 56 శాతం ఆపింది. ధనిక దేశాల్లో రోటా చుక్కలు 85 శాతానికి పైగా ఆపుతాయి. మన మందు నాసిరకమా? కాదు. ఆ విదేశీ చుక్కలు కూడా ఆఫ్రికా, ఆసియా పేద దేశాలకు వచ్చేసరికి సగం దగ్గరే ఆగాయి. ఉత్తరప్రదేశ్, బీహార్‌లలో పోలియో చుక్కలు ఒక్కో బిడ్డకు ఎన్నిసార్లు వేశారో గుర్తు చేసుకోండి.

ఒక కారణం పాలలో ఉంది. దూడకు జున్నుపాలతో తల్లి నుంచి రోగాన్ని ఆపే శక్తి వస్తుంది. అది ఉన్నన్నాళ్లూ టీకా సరిగా పట్టదు కాబట్టే గాలికుంటు టీకా నాలుగు నెలలు నిండాక వేయిస్తాం. తల్లిపాలలోని శక్తి కూడా చుక్కల వైరస్‌ను కొంత పట్టేస్తుంది. అయితే చుక్కలకు ముందూ వెనకా పాలు ఆపాలా? దక్షిణాఫ్రికాలో, పాకిస్తాన్‌లో, మన దేశంలో ఆపి చూశారు. లాభం కనబడలేదు. కాబట్టి ఎవరేం చెప్పినా పాలు ఆపవద్దు.

రెండోది పేగుల్లో ఉండే సూక్ష్మజీవులు. తోడు మారితే పెరుగు మారినట్టే అక్కడా ఉంటుంది. ఘనాలో టీకా బాగా పట్టిన పిల్లల పేగుల్లోని సూక్ష్మజీవులు నెదర్లాండ్స్ పిల్లల వాటికి దగ్గరగా ఉన్నాయని తేలింది. మరి మందుబిళ్లలతో సరిచేయవచ్చా? వేలూరు దగ్గర పోలియో చుక్కలకు ముందు పిల్లలకు అజిత్రోమైసిన్ ఇచ్చి చూశారు. పేగుల్లో చెడ్డ సూక్ష్మజీవులు తగ్గాయి గానీ టీకా అంతకన్నా బాగా పట్టలేదు.

పుట్టిన నాటి నుంచీ పేగుల్లోకి ఏం పోతోందన్నది మన చేతిలో ఉంది. నాట్లకు పోయే తల్లి బిడ్డను ముసలమ్మ దగ్గర వదిలేస్తుంది. ఆవిడ గేదె పాలలో ట్యాంకు నీళ్లు కలిపి పడుతుంది. మా ఇంట్లోనూ మనవడికి మూడో నెలలోనే ఇలా పట్టాం, ఆసుపత్రిలో నాలుగు రోజులున్నాం. ఆరు నెలల దాకా తల్లిపాలేనని మాకు తెలియక కాదు. ఆ పాలిచ్చే తల్లి పొలంలో ఉంది.

అందుకే మొదట మనల్నే అడుగుతున్నాం. కూలికి పిలిచే రైతులం మనమే కదా. టీకా వేయించిన రోజు ఆ తల్లికి పూర్తి కూలి ఇద్దాం. బిడ్డను గట్టు మీదికి తెస్తే పాలివ్వడానికి పోయిన సమయం లెక్కగట్టవద్దు. ట్యాంకు ఎప్పుడు కడిగారో, క్లోరిన్ ఎప్పుడు వేశారో దాని గోడ మీదే రాయాలని వచ్చే గ్రామసభలో తీర్మానం పెడుతున్నాం. బాలింతలున్న ఇళ్ల నుంచి ఒక్కరైనా రండి.